ముందు చెవి, తర్వాత మాట

పాప విషయంలో నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ ఒకే నమ్మకంలోంచి పుట్టాయి. ముందు చెవి బాగుచేయించాలి. చెవి వినిపిస్తే మాట వస్తుంది. మాట వస్తే మిగతా ఎదుగుదలంతా దాని వెనకే వస్తుంది. ఈ వరుసను ఏ డాక్టరూ చీటీ మీద రాసివ్వలేదు, నాకు నేనే పెట్టుకున్నాను. ఒకటి పూర్తయ్యేదాకా రెండోదాని ఊసెత్తకూడదని ఇంట్లో అందరి మీదా రుద్దాను. అలా నా బిడ్డ ఏళ్ల తరబడి ఆకలేస్తే చెప్పే దారి లేకుండా, కడుపు నొప్పి వస్తే చెప్పే దారి లేకుండా, చాలమ్మా నన్నొదిలెయ్ అని చెప్పే దారి లేకుండా బతికింది. తనకున్న చిన్నా చితకా దారులను మూసింది కూడా నేనే. ఇది రాయడం కష్టంగానే ఉంది. కానీ థెరపీ సెంటర్ల బెంచీల మీద కూర్చునే తల్లులు ఇవాళ కూడా అదే వరుస నాకు అప్పజెబుతుంటే వింటున్నాను. అందుకని రాస్తున్నాను.

పాపకు ఇప్పుడు పన్నెండేళ్లు. పుట్టుకతోనే రెండు చెవులకూ తీవ్రమైన వినికిడి లోపం, దాంతో పాటు మేధో వైకల్యం. కారణం సైటోమెగలో వైరస్ అయి ఉండొచ్చన్నారు. గర్భంతో ఉన్నప్పుడు తల్లికి సోకితే చిన్న జ్వరంలా వచ్చి పోతుంది, చాలామందికి అదీ ఉండదు. కడుపులో బిడ్డకు మాత్రం చెవీ మెదడూ రెండూ దెబ్బతినొచ్చు. పుట్టిన మూడు వారాల్లోపల మూత్రమో ఉమ్మో పరీక్షిస్తేనే కడుపులో ఉండగా సోకిందని రూఢిగా చెప్పగలరు. మాకు అనుమానం వచ్చేసరికి పాపకు ఏడాది నిండింది. మెడ ఆలస్యంగా నిలిచింది, కూర్చోవడం ఇంకా ఆలస్యం. తలుపు దభాలున పడ్డా ఉలిక్కిపడేది కాదు. సిరప్ పట్టి నిద్రపుచ్చి, తలకు తీగలంటించి బెరా పరీక్ష చేశారు. ఎంత పెద్ద శబ్దం పంపినా మెదడు నుంచి జవాబు రాలేదు.

చెవులు వినిపించడం లేదనీ, ఎదుగుదల కూడా వెనకబడి ఉందనీ డాక్టరు రెండు సంగతులూ కలిపే చెప్పారు. నేను ఒకటే పట్టుకున్నాను. చెవికి ఆపరేషన్ ఉంది, రెండోదానికి లేదు. ఆపరేషన్ ఉన్నదే అసలు జబ్బనీ, రెండోది దాని నీడ మాత్రమేననీ నాకు నేను చెప్పుకున్నాను. ఇలా రెండూ కలిసి రావడం కోటికొకరికి జరిగే సంగతి అనుకున్నాను కూడా. అమెరికాలో గలాడెట్ విశ్వవిద్యాలయం ఏళ్ల తరబడి చేసిన సర్వేల్లో, వినికిడి లోపమున్న బడి పిల్లల్లో సుమారు 40 శాతం మందికి మరో ఇబ్బంది కూడా ఉందని తేలింది. అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ మొదటి ఏడాదే తెలిసి ఉంటే నేను కాస్త తక్కువ ఒంటరిగా, కాస్త తక్కువ మొండిగా ఉండేదాన్నేమో.

ఖమ్మం నుంచి గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ వెళ్లేవాళ్లం. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ఒకే ప్రాంగణంలో రెండు కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. ఒకటి మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ. ఇప్పుడు దాని పేరు మారింది గానీ పాతవాళ్లకు ఎన్.ఐ.ఎం.హెచ్. అంటేనే తెలుస్తుంది. రెండోది ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు ప్రాంతీయ కేంద్రం, వినికిడికీ మాటకూ సంబంధించింది. నేను పాపను ఎత్తుకుని చెవుల వైపే నడిచేదాన్ని. ఇంత దూరం వచ్చాం కదా, అవతలి వాళ్లకూ ఒకసారి చూపిద్దామని మా ఆయన అంటే, "అక్కడికెళ్తే పిల్లకు ముద్ర వేస్తారండీ, ముందు వినపడనివ్వండి" అనేదాన్ని. రెండు సంస్థలకూ మధ్య దూరం నా కాళ్లకు ఏమంత కాదు. నా మనసుకు అది దాటడానికి ఏళ్లు పట్టింది.

రెండేళ్ల వయసులో కాక్లియర్ ఇంప్లాంట్ చేయించాం. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చాక చిన్నపిల్లలకు ఈ ఆపరేషన్‌ను, దాని తర్వాత థెరపీని కలిపి ఆరున్నర లక్షల దాకా భరించేలా అందులో చేర్చారు. అలాంటి సాయం లేకపోతే మాలాంటి ఉద్యోగస్తుల ఇంట్లో కూడా అది అయ్యే పని కాదు. ఆపరేషన్ బాగా జరిగింది. చెవి వెనక చర్మం కింద ఒక భాగం ఉంటుంది, దాన్నుంచి సన్నటి తీగ లోపలి చెవిలోని కాక్లియాలోకి వెళ్తుంది. కంపెనీని బట్టి ఆ తీగ మీద 12 నుంచి 22 దాకా ఎలక్ట్రోడ్లు ఉంటాయి. మామూలు చెవిలో వేల సూక్ష్మ కణాలు చేసే పని అవి చేయాలి. బయట అయస్కాంతంతో అంటుకునే మిషన్. మిషన్ స్విచ్ వేసిన రోజే పాప అమ్మా అని తిరుగుతుందని ఎదురుచూశాను. కెవ్వున ఏడ్చింది. అది మంచి గుర్తే, శబ్దం అందింది కాబట్టే ఏడ్చిందని ఆడియాలజిస్టు చెప్పారు.

శబ్దం అందడం వేరు, అది మాట అని తెలియడం వేరు, ఆ మాట నోట్లోంచి తిరిగి రావడం వేరు. మూడింటికీ మెదడు చేయాల్సిన పని చాలా ఉంది. చెవి లోపం ఒక్కటే ఉన్న పిల్లలు చిన్న వయసులో ఇంప్లాంట్ అయితే ఆ పని చాలావరకు చేసేస్తారు. మాతో పాటే థెరపీకి వచ్చిన ఒక బాబు ఇప్పుడు తెలుగు వాచకం గడగడా చదువుతున్నాడు. వినడం ద్వారానే మాట నేర్పే ఆ ఆడిటరీ వెర్బల్ థెరపీని నేను తప్పుపట్టడం లేదు. ఆ బాబుకు అది సరైన దారి. నా తెలివితక్కువతనం ఆ బాబును చూసి మా పాపకు గడువులు పెట్టడంలో ఉంది.

ఆ థెరపీలో పిల్లలు పెదవులు చూసి పట్టేయకుండా టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడతారు. పొద్దున్నే ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అని ఆరు శబ్దాలు వినిపించి పిల్ల పట్టిందా లేదా చూస్తారు. వీటిని లింగ్ శబ్దాలంటారు. నేను వీటిని పూజలా చేశాను. వంటింట్లో, బస్సులో, పెళ్లిళ్లలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పాపతో మాట్లాడాను. పాప నా మొహం చూడాలని నా వేళ్లు లాగేది. నేను లాగనిచ్చేదాన్ని కాదు. కళ్లు చురుగ్గా ఉన్న పిల్ల, చూసి గ్రహించడమే తన బలమైన పిల్ల. దానికి చూడ్డానికి ఏమీ మిగల్చకుండా రోజంతా గడిపేదాన్ని. సెంటర్లో అరగంట కోసం చెప్పిన పద్ధతిని ఇంట్లో రోజంతా చట్టం చేసింది నేను.

మా అత్తమ్మకు ఇవేమీ తెలియవు. ఆమె పాపకు స్టీలు గ్లాసు చూపించి పాలు ఇచ్చేది. తువ్వాలు భుజం మీద వేసుకుని కనబడితే స్నానమని పాపకు తెలిసిపోయేది, తనే గౌను పైకి లాక్కునేది. వేళ్లు కలిపి నోటి దగ్గర పెట్టి అన్నం అనేది. ఒకరోజు పాప కూడా వేళ్లు నోటి దగ్గర పెట్టుకుంది. అత్తమ్మ సంబరంగా నన్ను పిలిచింది. నేను పాప చెయ్యి కిందికి దించాను. "సైగలు అలవాటైతే ఇక మాట రాదత్తమ్మా, మీరు చేయకండి" అన్నాను. ఆమె ఎదురు చెప్పలేదు. చదువుకున్న కోడలు చెప్పిందని మానేసింది. అప్పటి నుంచి పాపతో ఏం చేయాలో తోచక, దగ్గరికి రావడమే తగ్గించింది. ఒక్క మాటతో నేను పాపకున్న సంభాషణనూ తీసేశాను, నాయనమ్మనూ తీసేశాను.

ఆ భయం నా ఒక్కదానిది కాదని తర్వాత తెలిసింది. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరుల విద్య మీద సభ పెట్టి, బళ్లలో సంజ్ఞలు వద్దు, మాటే నేర్పాలని తీర్మానించారు. ఓటేసిన వాళ్లలో దాదాపు అందరూ వినగలిగినవాళ్లే. ఎన్నో దేశాల్లో పిల్లల చేతులు కట్టేసినంత పనైంది. ఆ వరుసలో జరిగే సభ 2010లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగినప్పుడు ఆ తీర్మానాలను తోసిపుచ్చి విచారం వ్యక్తం చేసింది. 130 ఏళ్లు పట్టింది. వాళ్లు విచారం ప్రకటించిన చాలాకాలానికి నేను ఖమ్మంలో మా వంటింట్లో పాప చెయ్యి దించాను.

సైగ వస్తే మాట పోతుందన్న నా భయానికి ఆధారం ఉందా అని నేను ఎవరినీ అడగలేదు. మా తోటికోడళ్లూ, పక్కింటివాళ్లూ, బస్సులో కలిసినవాళ్లూ చెప్పింది నాకు చాలింది. 2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ అనే పరిశోధకులు ఎదుగుదల లోపాలున్నవాళ్లకు సంజ్ఞలో బొమ్మలో యంత్రమో నేర్పితే మాటకేమవుతుందని అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను వడగట్టారు. గట్టి ఆధారాలు దొరికిన 27 మందిలో ఒక్కరికి కూడా మాట తగ్గలేదు. ఎక్కువమందికి ఎంతో కొంత పెరిగింది. పెరిగింది కొంచెమే, అదేం అద్భుతం కాదు. కానీ తగ్గుతుందన్న భయానికి అక్కడ చోటు లేదు. నేను పాప చెయ్యి దించేనాటికే ఆ వ్యాసం వచ్చి ఏళ్లయింది.

నాలుగేళ్లు దాటాక పాప తన మణికట్టు కొరుక్కోవడం మొదలుపెట్టింది. తల గోడకేసి కొట్టుకునేది. దువ్వడానికి కూర్చోబెడితే నా జుట్టు పట్టి లాగేది. మిషన్ పీకి విసిరేసేది, అది ఎక్కడ పడిందోనని మంచాల కింద వెతుక్కునేవాళ్లం. ప్రవర్తన సమస్య అని మందులు రాయించాను. పిల్ల మొండిదైపోతోందని కసిరాను. ఒకటి రెండుసార్లు కొట్టాను కూడా. 1985లోనే అమెరికాలో కార్, డ్యురాండ్ అనే ఇద్దరు ఇలాంటి పిల్లల మీద పనిచేసి, కొరకడం, కొట్టుకోవడం ఏ సందర్భంలో వస్తున్నాయో చూసి, అదే పని సాధించే ఒక మాటను నేర్పితే ఆ చేష్టలు తగ్గుతాయని చూపించారు. మా పాప మణికట్టు కొరుక్కునేది ఎక్కువగా థెరపీ బల్ల దగ్గరే. అంటే అది "చాలు" అంటోంది. చాలు అన్న ప్రతిసారీ నేను ఇంకో పది నిమిషాలు పెంచాను.

చివరికి అవతలి వైపు నడిచింది పాప బాగు కోరి కాదు, నేను అలిసిపోయి. ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. పాప ఎన్ని మాటలంటుంది అని ఆమె అడగలేదు. అప్పటిదాకా అందరూ అదే అడిగేవారు, నేను "మ్మ"ను కూడా ఒక మాటగా లెక్క చెప్పేదాన్ని. ఈమె అడిగినవి వేరు. అన్నం ఇష్టం లేకపోతే మీకెలా తెలుస్తుంది? ఇంకా కావాలనుకుంటే ఏం చేస్తుంది? మీరు పక్కన కూర్చోవాలనుకుంటే? కొత్తదేదైనా కనబడితే మీకు చూపిస్తుందా? గంటసేపు నేను ఆగకుండా చెబుతూనే ఉన్నాను. ఇష్టం లేకపోతే గిన్నె అంచు మీద వేలు పెట్టి తోస్తుంది. ఇంకా కావాలంటే నా చెయ్యి పట్టుకుని డబ్బా మీద పెడుతుంది. ఊయల ఆగితే ఒళ్లు ముందుకు ఊపుతుంది. చెబుతుంటే నాకే గొంతు పట్టేసింది. ఏమీ చెప్పలేదనుకున్న పిల్ల రోజంతా చెబుతూనే ఉంది.

"మిమ్మల్ని ఎలా పిలుస్తుందమ్మా?" అని అడిగారు. పిలవదండీ అన్నాను. మా ఆయన నెమ్మదిగా, "నీ కొంగు పట్టుకుని నలుపుతుంది కదా, ఎవరి దగ్గరా చేయదది" అన్నారు. నిజమే. పనిలో ఉంటే వెనకనుంచి వచ్చి కొంగు చివర రెండు వేళ్ల మధ్య నలిపేది. అదొక పిచ్చి అలవాటనుకుని ప్రతిసారీ లాగేసుకున్నాను, నలుగుతుందని పిన్నులు కూడా పెట్టుకున్నాను.

ఆమె అడిగిన ప్రశ్నలు కమ్యూనికేషన్ మ్యాట్రిక్స్ అనే పద్ధతిలోవి. చారిటీ రౌలాండ్ అనే ఆవిడ అమెరికాలోని ఒరెగాన్‌లో 1990లో తయారుచేసి, తర్వాత మార్పులు చేస్తూ వచ్చారు. ఏడుపు, ఒళ్లు విరుపు దగ్గర మొదలై రెండు మూడు మాటలు కలిపే భాష దాకా ఏడు స్థాయిలు. కాదనడం, కావాలనడం, మనిషితో కలవడం, సమాచారం చెప్పడమనే నాలుగు అవసరాలు. మూడో స్థాయిలో పిల్ల కావాలనే చెబుతుంది గానీ తనదైన తీరులో, మనుషుల చేతులు లాగి, వస్తువులు తోసి చెబుతుంది. మా పాప అక్కడుంది. నేను దాన్ని ఏడో స్థాయికి లాగుతున్నాను, అదీ నోటి ద్వారానే. మధ్యలో ఇంకా మూడు స్థాయిలున్నాయని నాకు తెలియదు. పద్ధతిని ఎంచుకోవాల్సింది పిల్ల నిలబడ్డ చోటు నుంచి అని ఆ రోజు అర్థమైంది. అప్పటిదాకా నేను నిలబడ్డ చోటు నుంచి ఎంచుకున్నాను.

ఇంత తెలిశాక నేను మారిపోయానని రాయాలని ఉంది. వెంటనే ఇంకో తెలివితక్కువ పనిలో దిగాను. బొమ్మల కార్డులు ఇచ్చి కావలసింది అడిగే పెక్స్ అనే పద్ధతి ఉంది. అమెరికాలోని డెలావేర్‌లో 1985లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ మొదలుపెట్టారు. నేను ఒక్క రాత్రిలో కార్డులు లామినేషన్ చేయించేశాను. ఏనుగు, సింహం, ద్రాక్ష, ఎరుపు, నీలం. ఇది ఏది, అది చూపించు అని పరీక్షలు. చుట్టాలొస్తే ఆ పరీక్ష వాళ్ల ముందు. పాప జీవితంలో ఏనుగు ఎప్పుడు అవసరమవుతుంది? చాలు, ఇంకా, వద్దు, నొప్పి, రా, అయిపోయింది అన్నవాటిలో ఒక్కటీ నా ఫైల్లో లేదు. పైగా పని అయ్యాక ఆ ఫైలును చిరుగుతుందని మేకుకు, పాపకు అందనంత ఎత్తులో తగిలించేదాన్ని. సాయంత్రం ఆరు తర్వాత పాపకు నోరు ఉండేది కాదు.

అన్నిటికంటే బాధ పెట్టేది మంచినీళ్ల సంగతి. కార్డు ఇస్తేనే నీళ్లివ్వాలి, అప్పుడే నేర్చుకుంటుందని ఎవరో చెప్పారు, చేశాను. పాపకు నాలుక ఎండుతోందని తెలుస్తూనే ఉంది. గ్లాసు కేసి చూస్తోంది, చెయ్యి చాస్తోంది. ఆ చూపు, ఆ చెయ్యి అప్పటికే భాష. నేను నా చేతికి కార్డు వచ్చేదాకా ఆగాను. ఆ స్పెషల్ ఎడ్యుకేటర్ చూసి, "అర్థమైందని ముందు ఆమెకు చెప్పండి, నీళ్లివ్వండి, ఇస్తూ మీరు కార్డు చూపించండి" అన్నారు. అంత మామూలు సంగతి.

చేతి సంజ్ఞల దగ్గరికి వచ్చేసరికి పాప వేళ్లు సరిగా మడత పడవని తేలింది. నేను వెనకనుంచి తన చేతులు పట్టి తిప్పేదాన్ని, బొమ్మకు తిప్పినట్టు. పాప చేతులు వెనక్కి దాచుకునేది. ఇలాంటి పిల్లలకు మన చెయ్యి పైన కాదు, కింద ఉండాలట. మనం సంజ్ఞ చేస్తుంటే పిల్ల తన చెయ్యి మన చేతి మీద వేసి పట్టి చూస్తుంది, ఇష్టం లేకపోతే తీసేసుకుంటుంది. తీసేసుకునే వీలుండడమే ముఖ్యం. పాప చేసే "ఇంకా" పుస్తకంలో ఉన్నట్టుండదు, రెండు పిడికిళ్లు ఒకదానికొకటి ఆనిస్తుంది, అంతే. మా ఇంట్లో "ఇంకా" అంటే అదే.

చెవీ ఎదుగుదలా రెండూ ఇబ్బందిగా ఉన్నవాళ్ల గురించి ఎవరూ ఆలోచించలేదని ఏడ్చేదాన్ని. అదీ నా అజ్ఞానమే. 1972-73లో ఇంగ్లండ్‌లోని సర్రేలో, బాట్లీస్ పార్క్ ఆసుపత్రిలో మార్గరెట్ వాకర్ అనే స్పీచ్ థెరపిస్టు సరిగ్గా వాళ్ల కోసమే పనిచేశారు. అక్కడ వినికిడి లోపంతో పాటు మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్లతో మొదలైందే మకటాన్. మామూలుగా మాట్లాడుతూనే, వాక్యంలో ముఖ్యమైన మాటలకు మాత్రం సంజ్ఞ కలుపుతారు. నెదర్లాండ్స్‌లో యాన్ వాన్ డైక్, తల్లికి రుబెల్లా సోకడం వల్ల చూపూ వినికిడీ దెబ్బతిన్న పిల్లలతో పనిచేస్తూ, జరగబోయే పనికి గుర్తుగా ఒక వస్తువును చేతికిచ్చే పద్ధతిని పెంచారు. స్నానానికి ముందు తువ్వాలు ముక్క, అన్నానికి ముందు చెంచా. చదువుతుంటే నాకు మా అత్తమ్మ భుజం మీది తువ్వాలు కళ్లలో మెదిలింది.

అత్తమ్మ దగ్గరికి వెళ్లి, మీరు చేసిందే సరైందత్తమ్మా, మళ్లీ చేయండని బతిమాలాను. ఆమె మోకాళ్లకు అప్పటికి ఓపిక తగ్గింది గానీ చేసింది. ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఆమె సైగలన్నీ తిను, రా, పడుకో, పోసుకో. మన మాట పాపకు అందే దారి అది. పాప మాట మనకు అందే దారి ఎవరూ వేయలేదు, ఆమె కూడా. దానికి నేర్పు కావాలి, ఓపిక కావాలి. ఆ ఓపిక ఎలా ఉంటుందో వినికిడి లేని ఒక టీచరమ్మను చూసి తెలుసుకున్నాను. అప్పటిదాకా పెద్దవాళ్లైన బధిరులను ఒక్కరినైనా కలవాలని నాకు తోచనే లేదు, కలిస్తే నా ఆశ పోతుందేమోనని భయపడ్డాను కూడా. ఆమె పాప ఎదురుగా కూర్చుని "బంతి, ఇంకా?" అని సంజ్ఞ చేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగింది. నేనైతే రెండు క్షణాల్లో మళ్లీ అడిగేదాన్ని. ఆమె కళ్లు పాప మొహం మీద నుంచి తీయకుండా ఆగుతూనే ఉంది. నాకే ఇబ్బందిగా కదలాలనిపించింది. అప్పుడు పాప పిడికిళ్లు కలిపింది.

ఆమె వల్లే నేను భారతీయ సంజ్ఞా భాష కొంచెం నేర్చుకున్నాను. 2015లో ఢిల్లీలో ఈ భాష కోసం ఒక జాతీయ కేంద్రం వచ్చింది. వాళ్లు 2018లో మూడు వేల పదాలతో నిఘంటువు తెచ్చి, 2021 నాటికి పదివేలకు పెంచారు. వీడియోలు చూసి నేర్చుకోవచ్చు. వాక్యంలో క్రియ చివర వస్తుంది, ప్రశ్న పదం కూడా చివరే వస్తుంది. తెలుగువాళ్లకు ఆ వరుస కష్టం కాదు. పాపకు ఆ భాష మొత్తం వస్తుందని నేను అనుకోవడం లేదు. కానీ నాకు వస్తే పాపకు చూడ్డానికి ఎక్కువ ఉంటుంది.

ఇంకొకటి నేర్చుకోవడానికి ఎన్నికల డ్యూటీ కావాల్సి వచ్చింది. సంజ్ఞలన్నీ నాకూ పాపకూ మధ్యే ఉంచుకున్నాను. నేను తప్ప పాపను ఎవరూ అర్థం చేసుకోలేరని లోపల ఒక గర్వం కూడా ఉండేది. డ్యూటీకి వెళ్లి రాత్రి కూడా రాలేకపోయాను. తిరిగి వచ్చేసరికి పాప చెంప వాచి ఉంది. చిగురు చీము పట్టింది. రెండు చూపుడు వేళ్లూ ఎదురెదురుగా పెట్టి "నొప్పి" అని రాత్రంతా చేసిందట. మా ఆడపడుచు అది ఆటనుకుని తనూ వేళ్లు కలిపి ఆడించిందట. పాప అడిగింది, అడగడం వచ్చు, వినేవాళ్లను మాత్రం నేను తయారుచేయలేదు. తర్వాత ఒక కాగితం మీద, తను ఇలా చేస్తే అర్థం ఇది, మీరు చేయాల్సింది ఇది అని ఫొటోలతో రాసి పాప సంచికి తగిలించాం. మా ఆయన, మా అబ్బాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత సెంటర్ టీచరు, ఆయా, ఆటో డ్రైవర్ అందరూ కొన్ని సంజ్ఞలు నేర్చుకున్నారు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం కమ్యూనికేషన్ అంటే ఏమిటో చెబుతూ సంజ్ఞా భాషనూ, స్పర్శనూ, గుర్తులనూ, బొమ్మలనూ మాటతో పాటే లెక్కలోకి తీసుకుంది. వైకల్యం ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం కాళ్లరిగేలా తిరిగిన నేను ఆ చట్టం తెరిచి ఆ ఒక్క నిర్వచనం చదవలేదు.

ఇప్పుడు పాపకు ఒక పద్ధతి లేదు, చాలా ఉన్నాయి. పొద్దున మిషన్ పెట్టుకుంటుంది. పేరు పిలిస్తే తిరుగుతుంది, కుక్కర్ విజిల్‌కు వంటింటి వైపు చూస్తుంది, డప్పు వినిపిస్తే ఆగి నవ్వుతుంది. ఇంప్లాంట్ వృథా అయిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది పాపకు ప్రపంచాన్ని ఇచ్చింది, మాట ఇవ్వకపోవడం దాని తప్పు కాదు. మిషన్ తీసేశాక, స్నానంలో, నిద్రకు ముందు, చేతులే ఉంటాయి. బయటికి వెళ్లడానికి ఫొటోలు. స్నానానికి అదే తువ్వాలు. నాకు పేరు కొంగే, ఇప్పుడు పిన్ను పెట్టుకోను, ఆఫీసుకు వెళ్లే రోజు కూడా.

ఈ మధ్య పాప పెద్దమనిషి అయింది. కడుపులో పోటు అని చెప్పడానికి ఒక గుర్తు కావాలి, అది "నొప్పి"లో కలిసిపోకూడదు. బట్ట మార్చాలి అని చెప్పే గుర్తు ఇంకొకటి. అన్నిటికంటే ముందు "నన్ను ముట్టుకోవద్దు" నేర్పుతున్నాం. అరచెయ్యి నిలువుగా ముందుకు తోయడం. ఈ సంజ్ఞ వస్తే ఎవరైనా సరే, ఏ పనిలో ఉన్నా సరే, చెయ్యి తీసేయాలని బడిలోనూ ఇంట్లోనూ అందరికీ చెప్పాం. ఒక్కరు పట్టించుకోకపోయినా పాపకు ఆ సంజ్ఞ పని చేయదనిపిస్తుంది, మళ్లీ చేయదు. పాప దాన్ని ఎక్కువగా నా మీదే వాడుతోంది. పొద్దున జడ వేస్తుంటే, సగంలో, ఆటో గుమ్మం ముందు హారన్ కొడుతుండగా అరచెయ్యి లేస్తుంది. దువ్వెన పక్కన పెడతాను. మొన్న సోమవారం ఒక జడతోనే బడికి వెళ్లింది. టీచరు ఫోన్ చేసి అడిగితే, వద్దందండీ అని చెప్పాను.